యజమాని లేడు సరే, ఓటు ఎవరిది?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

ఈ మధ్య మనోళ్లలో ఒక మాట బాగా తిరుగుతోంది. "ఫేస్‌బుక్, యూట్యూబ్ కంపెనీల సొత్తు. బ్లాక్‌చెయిన్ మీద నడిచే సోషల్ మీడియాకు యజమాని ఉండడు. మన గోండి, కోయ, సవర, కొలామి పాటలూ కథలూ అక్కడ పెడదాం, ఎవడూ తీసెయ్యలేడు" అంటున్నారు. ఆశ మంచిదే. కానీ యజమాని లేకపోతే చాలు, పెత్తనం పోయినట్టే అనుకోవడం దగ్గరే నాకు పేచీ. అక్కడ నిర్ణయాలు ఎవరు చేస్తారు? ముందు అది అడగాలి.

స్టీమిట్ సంగతే చూడండి. 2016లో మొదలైంది. పోస్టు రాస్తే, మంచి పోస్టుకు ఓటేస్తే స్టీమ్ అనే టోకెన్లు వచ్చేవి. ఆ బ్లాక్‌చెయిన్‌ను నడిపేది ప్రధానంగా 20 మంది ప్రతినిధులు, వాళ్లను విట్నెస్‌లు అంటారు. వాళ్లను ఎన్నుకునేది వాడేవాళ్లే. వినడానికి ఎంత బాగుందో! కాకపోతే అక్కడ ఓటు మనిషికి కాదు, టోకెన్‌కు. పది టోకెన్లు ఉన్నోడి ఓటుకు పది బలం, కోటి ఉన్నోడి ఓటుకు కోటి బలం.

స్టీమిట్ కంపెనీ మొదట్లోనే పెద్ద వాటా తన దగ్గర పెట్టుకుంది. దాన్ని ఓట్లకు వాడబోమని, అభివృద్ధికే ఖర్చు చేస్తామని చెప్పింది. అది నోటిమాట, కోడ్‌లో ఎక్కడా లేదు. 2020 ఫిబ్రవరిలో ట్రాన్ అధినేత జస్టిన్ సన్ ఆ కంపెనీని కొన్నాడు. ఆ వాటాతో ఏం చేస్తాడోనని విట్నెస్‌లు దాన్ని కదలకుండా ఆపేశారు. మార్చి 2న బైనాన్స్, హువోబీ, పోలోనియెక్స్ ఎక్స్ఛేంజీలు, తమ దగ్గర జనం దాచుకున్న టోకెన్లతో, సన్ వైపు ఓటేశాయి. పాత విట్నెస్‌లు 20 మందీ ఒక్కసారిగా పక్కకుపోయారు. గొడవ పెద్దదయ్యాక బైనాన్స్, హువోబీ తమ ఓట్లు వెనక్కి తీసుకున్నాయి.

మన ధాన్యం గిడ్డంగిలో దాచుకుంటే, గిడ్డంగివాడు ఆ బస్తాల లెక్క చూపించి మన ఊరి సర్పంచ్‌ని మార్చినట్టు కదా ఇది!

మార్చి 20న చాలామంది విడిపోయి హైవ్ అనే కొత్త బ్లాక్‌చెయిన్ పెట్టుకున్నారు. మే 20న స్టీమ్‌లో కొత్త మార్పు తెచ్చి, 64 ఖాతాల నుంచి దాదాపు 2.36 కోట్ల టోకెన్లు లాగేశారు. ఎవడూ ముట్టుకోలేడన్న సొమ్ము అది! హైవ్ వాళ్లూ కడిగిన ముత్యాలేం కాదు. సన్ వైపు విట్నెస్‌లకు ఓటేసిన కొన్ని ఖాతాలకు కొత్త టోకెన్లు ఇవ్వకుండా పక్కనపెట్టారు. కాకపోతే ఒక మంచి పాఠం నేర్చుకున్నారు: ఎవరైనా కొత్తగా టోకెన్లు తెచ్చి పెడితే, వాటితో విట్నెస్‌లకు ఓటేయాలంటే 30 రోజులు ఆగాలి.

ఓటు లెక్క ఎట్లా ఉండాలో మనకు ఎవరో వచ్చి చెప్పాల్సిన పనిలేదు. 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు కూర్చుని వేదాంత బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. ఎవరికి ఎన్నెకరాలు, ఎవరి దగ్గర ఎంత డబ్బు అని అక్కడ చూడలేదు. డోంగ్రియా కోందుల మాట నిలిచింది. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం గ్రామసభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. కోటి టోకెన్ల పెద్దమనిషి ఒక్కడే కూర్చుని తీర్మానం చేస్తే దాన్ని సభ అంటామా?

"ఆన్‌లైన్‌లో మనిషికో ఓటంటే ఒక్కడే వెయ్యి దొంగ ఖాతాలు తెరుస్తాడు" అంటారు. నిజమే. ఊళ్లో అయితే ఎవరు ఎవరో తెలుసు, అక్కడ తెలియదు. అంతమాత్రాన డబ్బున్నోడికి తాళాలు ఇచ్చేయాలా? ఒక్కరి ఓటు బలానికి పరిమితి పెట్టొచ్చు. జనం దాచుకున్న టోకెన్లతో ఎక్స్ఛేంజీ ఓటేయకూడదని పట్టుబట్టొచ్చు. పెద్ద మార్పులకు ముందుగా గడువు ఇవ్వమనొచ్చు. నచ్చకపోతే మన రాతలు, మన పరిచయాలు తీసుకుని బయటికొచ్చే దారి అడగొచ్చు. వాడేవాళ్లు కోరుకోవాల్సింది ఇవి. టోకెన్ ధర పెరగడం వీటి తర్వాతే.

ఇంకొకటి. బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కిన రాతను తర్వాత దిద్దినా, పాత ప్రతి లోపలే ఉండిపోతుంది. పూజలో మాత్రమే పాడే పాటను తెలియక ఎక్కిస్తే వెనక్కి తెచ్చేదెవరు? అందుకే ఏది పెట్టాలో ముందు ఊళ్లో పెద్దలు, ఆడవాళ్లు కూర్చుని తేల్చాలి. అసలు ప్రతి మన దగ్గరే ఉండాలి.

రేపు ఎవరైనా "అన్నా, ఈ కొత్త యాప్‌కు యజమాని లేడు, చేరు" అంటే వెంటనే వేలిముద్ర వేయకండి. ఓటు మనిషికా, మూటకా అని అడగండి. మూటకైతే, ఆ దొర ఇంకా పోలేదు, వేషం మార్చాడంతే.

జై ఆదివాసీ!