పేరు యుద్ధం, లెక్క ఎన్‌కౌంటర్

సల్వాజుడుం, గ్రీన్‌హంట్, సమాధాన్, కగార్, బ్లాక్ ఫారెస్ట్. ఇరవై ఏళ్లలో మధ్యభారత అడవుల్లో సాయుధ బలగాల దాడులకు వినిపించిన పేర్లివి. కొత్త పేరు వచ్చిన ప్రతిసారీ పాత పేరు కింద చనిపోయినవాళ్ల లెక్క అడిగేవాళ్లు తగ్గిపోతున్నారు. ఈ పేర్లను పల్నాడు నుంచి చూడాలని మేం అనుకుంటున్నాం. ఎందుకంటే ఒకప్పుడు ఇక్కడ వినిపించిన మాట 'చర్చలు'.

2004 అక్టోబరులో నల్లమల నుంచి బయటికొచ్చిన నక్సలైట్ నాయకుల సభ గుత్తికొండ బిలం దగ్గర జరిగింది. ఆ బృందానికి నాయకుడు ఆర్కే మాచర్ల ప్రాంతంలోని తుమృకోట ఊరివాడే. 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో ప్రభుత్వంతో జరిగిన చర్చల్లో భూపంపిణీ ముఖ్యాంశం. ఆ ఏడాది చివర్లోనే ప్రభుత్వం కోనేరు రంగారావు అధ్యక్షతన భూకమిటీ వేసింది. పేదలకిచ్చిన అసైన్డ్ భూములు ఎలా చేతులు మారాయో ఆ కమిటీ నివేదికలో ఉంది. అంటే సమస్య పేరు 'సామాజిక, ఆర్థిక సమస్య'గా ఉన్నంతకాలం మాల మాదిగల భూమి గురించి సర్కారు బల్ల మీద మాట్లాడక తప్పలేదు.

2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలై చర్చలు తెగిపోయాయి. ఆగస్టు 15న ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, మరికొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకే నిషేధం తిరిగొచ్చింది. 2009 జూన్ 22న కేంద్రం మావోయిస్టు పార్టీని ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. ఉగ్రవాదం అన్నాక అక్కడ భూమి గురించి మాట్లాడటానికి చోటు లేదు.

పేరు మార్చడంలో ఛత్తీస్‌గఢ్‌ది ప్రత్యేకమైన అనుభవం. 2005లో మొదలైన సల్వాజుడుంను అక్కడి ప్రభుత్వం ప్రజల ఉద్యమమంది. దాని దెబ్బకు ఊళ్లు విడిచి గోదావరి దాటి వచ్చిన ఆదివాసులనే మనం గుత్తికోయలంటున్నాం. ఆదివాసీ యువకులకు ప్రత్యేక పోలీసు అధికారులని పేరుపెట్టి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రాష్ట్రం అదే ఏడాది కొత్త చట్టం తెచ్చి వాళ్లను 'సహాయక సాయుధ పోలీసులు'గా మార్చుకుంది. తీర్పు పాత పేరు దగ్గరే ఆగిపోయింది.

అమెరికా చేసిందీ ఇదే. 2001లో అఫ్గానిస్థాన్ మీద దాడికి ముందు అనుకున్న 'అనంత న్యాయం' పేరుకు ముస్లింల నుంచి అభ్యంతరం రాగానే 'శాశ్వత స్వేచ్ఛ' అని మార్చారు. యుద్ధం మాత్రం 2021 దాకా సాగింది.

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. జనానికి చెప్పేటప్పుడు ఇది యుద్ధం: దానికో పేరు, 2026 మార్చి 31 అనే గడువు, చంపినవాళ్ల సంఖ్య. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల మీద జరిగిన బ్లాక్ ఫారెస్ట్‌లో 31 మందిని చంపామని అధికారులు ప్రకటించారు. కాగితం మీద రాసేటప్పుడు మాత్రం ఇది శాంతిభద్రతల పని, జరిగింది 'ఎదురుకాల్పులు'. యుద్ధమని ఒప్పుకుంటే గాయపడినవాళ్లను, లొంగినవాళ్లను కాపాడే యుద్ధ నియమాలు పాటించాలి. పోలీసు పని అంటే ప్రతి చావుకీ విచారణ జరగాలి. రెండు పేర్లూ వాడుకుని రెండు బాధ్యతలూ తప్పించుకుంటున్నారు. 2025 మే 21న చనిపోయిన నంబాల కేశవరావు మృతదేహం కోసం కుటుంబం హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. చివరికి దహనం నారాయణపూర్‌లోనే చేసేశారు.

పేర్లు మార్చే అలవాటు అవతలి పక్షానికీ ఉంది. 'ఇన్‌ఫార్మర్' అని ముద్రవేసి, 'ప్రజాకోర్టు' అని పేరుపెట్టి చంపితే అది హత్య కాకుండా పోదు. అలా చనిపోయినవాళ్లలోనూ పేద ఆదివాసులు, దళితులు ఉన్నారు.

పేరు విలువ మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1985 కారంచేడును, 1991 చుండూరును 'ఇరువర్గాల ఘర్షణ' అన్నవాళ్లు ఉన్నారు. ఘర్షణ అంటే ఇద్దరిదీ తప్పు అవుతుంది. మన ఉద్యమం ఆ మాటను ఒప్పుకోలేదు. కారంచేడు తర్వాత దేశమంతా సాగిన పోరాటాల ఒత్తిడితోనే 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. సరైన పేరు పెట్టించడమే సగం పోరాటమని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు చేతిలో ఉన్న ఆయుధం 2014 సెప్టెంబరు 23న పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. సీఐడీ గానీ వేరే స్టేషన్ పోలీసులు గానీ దర్యాప్తు చేయాలి. మేజిస్ట్రేట్ విచారణ జరగాలి. దగ్గరి బంధువుకు వెంటనే చెప్పాలి. వెనువెంటనే ప్రమోషన్లు, శౌర్య పురస్కారాలు ఇవ్వకూడదు.

రేపు ఇంకో ఆపరేషన్‌కు ఇంకో అందమైన పేరు పెడతారు. నరసరావుపేట, గురజాల కాలేజీల్లో చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఆ పేరు దగ్గర ఆగిపోవద్దు. చనిపోయినవాళ్ల పేర్లేమిటి, ఎఫ్‌ఐఆర్ ఎవరి మీద రాశారు, విచారణ ఎవరు చేస్తున్నారు, ఆ అడవి కింద భూమి ఎవరిది? ఈ నాలుగు ప్రశ్నలూ ఏ పేరు పెట్టినా మారవు.