శిక్షకుడు లేని శిక్షణా?



దీక్షా యాప్‌లో శిక్షణ పాఠాలుండగా టీచర్లను కామారెడ్డి, ఎల్లారెడ్డి శిక్షణ కేంద్రాలకు పిలిపించడం దండగని ఈ పత్రికకు రాసిన పాఠకుడి వాదనతో ఏకీభవించలేను. 2019లో మొదలైన నిష్ఠా అనే టీచర్ల శిక్షణ కరోనా కాలంలో, 2020 అక్టోబరులో, దీక్షాకు మారాక మారుమూల మండలాలకూ పాఠం అందింది. ఆ మేలును కాదనను. కానీ అక్కడ ప్రధానంగా నమోదయ్యేది కోర్సు పూర్తయిన సంగతే, తరగతిలో ఏం మారిందన్నది కాదు. మూడో తరగతి పిల్లవాడు 52లోంచి 27 తీసేసి 35 అని రాస్తాడు. వీడియో సరైన పద్ధతి చూపించి ముందుకు సాగిపోతుంది. శిక్షకుడైతే అక్కడే ఆపి, ఈ 35 ఎలా వచ్చిందని టీచర్లను అడుగుతాడు. 2లోంచి 7 పోదని పిల్లవాడు 7లోంచే 2 తీశాడని టీచర్లే పట్టుకుంటారు. పది పుల్లల కట్ట విప్పించి ఎలా సరిదిద్దాలో వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. నా దృష్టిలో అసలు శిక్షణ ఆ వాదనే.

కేంద్రాల్లో శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్లు పైన విన్నది కింద అప్పజెబుతారని, మెట్టు దిగేకొద్దీ సారం పలచబడుతుందని ఆ పాఠకుడు అన్నదాంట్లో నిజముంది. అందుకే ఉపన్యాసాన్ని వీడియోకు వదిలేయాలి, శిక్షకుణ్ణి కాదు. 1975లో సైట్ అనే ప్రయోగంలో ఉపగ్రహ టీవీతో టీచర్లకు సైన్సు బోధన నేర్పినప్పుడు కూడా తెర ఒక్కదాన్నే నమ్ముకోలేదు. రేడియో, కృత్యాలు, దగ్గరుండి నడిపించే మనిషి తోడయ్యారు. వీడియోలు ముందే చూసి రమ్మని, టీచర్ల స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల సమయమంతా పిల్లల నోటుపుస్తకాల్లోని ఇలాంటి తప్పుల చర్చకే కేటాయించాలని జిల్లా విద్యాశాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, ఎల్లారెడ్డి