ఆ కోటకు మట్టి ఎవరు మోసిన్రు?

శేరిలింగంపల్లిలో నేను పాఠం చెప్పే ఐదో తరగతిలో ఎక్కువమంది అపార్ట్‌మెంట్లు కట్టే కూలీల బిడ్డలు. కోటిలింగాల గురించి చెబుతుంటే ఒక పిల్ల లేచి అడిగింది: "సార్, ఆ కోటకు మట్టి ఎవరు మోసిన్రు?"

నేను టీటీసీ చదివేటప్పుడు ఒక లెక్చరర్ నన్ను నిలబెట్టి, "మీ కోయలకు సంస్కృతి ఉంది గానీ చరిత్ర లేదు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. అతనికి అప్పుడివ్వాల్సిన జవాబు ఆ పిల్ల ప్రశ్నలో ఉంది.

జగిత్యాల జిల్లాలో పెద్దవాగు గోదావరిలో కలిసే చోటు కోటిలింగాల. 1979 నుంచి 1983 దాకా పురావస్తు శాఖ అక్కడ తవ్వింది. మట్టికోట, ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. సిముకుడి నాణేలూ, అతని కన్నా ముందువాళ్లయిన గోబద, నారన, సమగోపల నాణేలూ దొరికాయి. పండితులకు అది చాలు. శాతవాహనుల తొలి రాజధాని ఇదా, పైఠానా, ధాన్యకటకమా అని ఇప్పటికీ వాదులాట. వాదించుకోండి, మాకేం అభ్యంతరం లేదు. ఈలోగా ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు ఆ స్థలం మీదికే వచ్చాయి. రాజధాని గౌరవం కోసం కొట్లాడిన గొంతుల్లో ఎన్ని అప్పుడు లేచాయి?

ఇంకో సంగతి. ఐతరేయ బ్రాహ్మణం ఆంధ్రులను ఎవరి పక్కన కూర్చోబెట్టింది? పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబుల పక్కన. అందరూ దస్యులే, విశ్వామిత్రుడు శపించిన కొడుకుల సంతతే. ఆ పంక్తిలోంచి ఆంధ్రులు లేచి చరిత్ర అయ్యారు. శబరులు మ్యూజియంలో డోలు పట్టుకున్న బొమ్మలయ్యారు.

పెద్దబంకూరులో రోమన్ నాణేలు దొరికాయి కాబట్టి రోమునూ ఒకసారి చూద్దాం. ఉత్తర ఇంగ్లండులో టైన్ నది ఒడ్డునా, ఆ చుట్టుపక్కలా రోమన్లు సరిహద్దు కోటలు కట్టారు. వాటిలో విండోలాండా ఒకటి. 1973 నుంచి అక్కడి తడిమట్టిలో పల్చటి చెక్కల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరికాయి. ఒక అధికారి భార్య ఇంకొకామెను పుట్టినరోజుకు రమ్మని రాసిన ఉత్తరం వాటిలో ఉంది. తోలు చెప్పులైతే వేలు, చిన్నపిల్లలవి కూడా. తవ్వినవాళ్లు సేనాధిపతి పేరు దొరికింది, ఇక చాలని ఇంటికి పోలేదు. చెప్పుల అరుగుదల కూడా చూశారు.

ఒక చెక్క మీద స్థానిక జనాన్ని "బ్రిటుంకులి" అని రాశారు. చులకన చేసి పిలిచే మాట అది. అలాంటి మాటల అర్థం మనకెవరూ చెప్పనక్కర్లేదు. పైగా ఆ కోటలో కాపలా కాసింది రోము నగరం వాళ్లు కాదు. నేటి నెదర్లాండ్స్, బెల్జియం ప్రాంతాల బటావియన్, తుంగ్రియన్ తెగల కుర్రాళ్లు. తెగ మీద తెగను నిలబెట్టడం అంత పాత విద్య. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా దింపితే, అది చెల్లదని 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

రాత లేదు కాబట్టి చరిత్ర లేదనడం సోమరితనం. మా కోయలు చనిపోయినవారికి రాళ్లు నిలబెడతారు. మా బడికి దగ్గర్లోనే, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఇనుప యుగపు సమాధులు బయటపడ్డాయి. వాటి మీదా ఏ రాజు పేరూ లేదు. అయినా వాటిని చరిత్ర అనే అంటున్నారు. మరి మా రాళ్లను ఆచారం అని ఎందుకు పక్కన పెడతారు?

పోలవరం కింద కోయ, కొండరెడ్డి ఊళ్లు మునుగుతున్నాయి. నీళ్లు చేరకముందే అక్కడి రాళ్లను, గుట్టల పేర్లను, గట్టుల పేర్లను రాసుకోవాలి. మా భాష వచ్చినవాళ్లను వెంట తీసుకుపోవాలి. జీతమిచ్చి తీసుకుపోవాలి, దారి చూపించే కూలీలుగా కాదు.

ఆ పిల్లకు నిజమే చెప్పాను: మోసినవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. మీ అమ్మ పేరు నువ్వు రాయి అన్నాను. నోటుబుక్కులో అమ్మ పేరు రాసి, పక్కన ఆమె ఇసుక మోసే టవరు నంబరు కూడా వేసింది.