పప్పెందుకు ఉడకదు మిస్?

ఏడో తరగతికి భూమి పొరల పాఠం చెబుతున్నాను. బోర్డు మీద కోసిన గుడ్డు బొమ్మ. పెంకు భూపటలం, తెల్లసొన మాంటిల్, పచ్చసొన కేంద్రం. ముప్పై ఏళ్ళుగా గీస్తున్న బొమ్మే. వెనక బెంచీలో ఒక పిల్ల లేచింది. "మిస్, మా అవ్వ అడిగిరమ్మంది. మా బోరునీళ్ళలో పప్పెందుకు ఉడకదు?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళాక సిగ్గేసింది. 6,371 కిలోమీటర్ల లోతున ఉండే భూకేంద్రం గురించి గడగడా చెప్పేదాన్ని, చెన్నై పక్కనున్న మింజూరులో మా బడి బోరు అడుగున ఏముందో ఒక్కనాడూ చెప్పలేదు.

ఈ మధ్యే రిటైరయ్యాను కనుక ఇప్పుడు మొహమాటం లేకుండా అంటున్నాను. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా భూగోళ పాఠం పిల్లల ఇంటి నీళ్ళతోనే మొదలుకావాలి. గుడ్డు బొమ్మ తర్వాత గీసుకోవచ్చు.

మాకు తూర్పున బంగాళాఖాతం. దక్షిణాన కొసస్థలై నది ఎణ్ణూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఉత్తరాన ఆరణియారు పులికాట్ వైపు పోతుంది. ఆంధ్రలో పుట్టిన ఆ ఏటినే నారాయణవనం వాళ్ళు అరుణానది అంటారు. ఈ నదులు వేల ఏళ్ళుగా మోసుకొచ్చి పరిచిన ఇసుక, బంకమట్టి పొరల మీదే మా ఊరు కూర్చుంది. ఇసుక పొర నీళ్ళు దాచుకుంటుంది, బంకమట్టి ఆపుతుంది.

1960ల చివర ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఈ రెండు నదుల పరివాహక ప్రాంతంలో భూగర్భజలాల సర్వే జరిగింది. నీళ్ళు దండిగా ఉన్నాయని తేలింది. మింజూరు, పంజెట్టి, తామరైపాక్కం వైపు బావులు వేసి మద్రాసుకూ ఫ్యాక్టరీలకూ తోడారు. రైతులు పొలాలకూ తోడారు. లోపలి మంచినీళ్ళు తగ్గేకొద్దీ సముద్రపు నీళ్ళు ఇసుక పొరల్లోంచి లోపలికి జరిగాయి. భూగర్భజలాల వాడకాన్ని అదుపు చేయడానికి 1987లో చెన్నై మహానగర ప్రాంతానికి ప్రత్యేక చట్టమే తెచ్చారు. అప్పటికే ఎన్నో బావులు చవుడెక్కాయి.

"భూగర్భజల లవణీకరణం" అని బోర్డు మీద రాస్తే పిల్లలు బట్టీ పట్టి మర్చిపోతారు. అందుకని ఆ మరుసటి వారం ఒక గాజు గ్లాసు తెచ్చాను. అందులో ఉప్పు బాగా కలిపిన నీళ్ళు, రంగుకు కాస్త బీట్‌రూట్ రసం. పైన గరిట మీదుగా మెల్లగా మంచినీళ్ళు పోశాం. కింద ఎరుపు, పైన తెలుపు, రెండు పొరలు నిలిచాయి. ఉప్పునీళ్ళు బరువు కదా. పైపొరలో సన్నని గొట్టం ముంచి ఒకమ్మాయి మెల్లగా పీల్చింది, చప్పనీళ్ళే వచ్చాయి. ఒక పిల్లవాడు ఆత్రంగా గట్టిగా పీల్చాడు. అడుగు ఎరుపు పైకి లేచి గొట్టంలోకి ఎక్కింది. వాడు మొహం చిట్లించి "మిస్, మోటారు!" అన్నాడు. ఆ ఒక్క మాటతో పాఠం అయిపోయింది.

తీరంలో లెక్క కూడా పిల్లలకు అందేదే. సముద్రమట్టానికి 1 మీటరు ఎత్తున మంచినీళ్ళు నేలలో నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల లోతుదాకా మంచినీళ్ళే ఉంటాయి. పైన 1 మీటరు తోడేస్తే కింద 40 మీటర్లు పోగొట్టుకున్నట్టే. ఎనిమిదో తరగతి పిల్ల నోటిలెక్కగా చెప్పగలదు.

తర్వాత అందరూ ఇంటి నుంచి సీసాల్లో నీళ్ళు తెచ్చారు. నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే చిన్న మీటరు కొన్నాను, పెన్ను సైజుదే. తాగేనీళ్ళలో లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది, వేరే దారి లేకపోతే 2,000 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఒకే వీధిలో రెండిళ్ళ నీళ్ళకు రెండు అంకెలు వచ్చాయి. ఎందుకు? ఎవరి బోరు ఎంత లోతు? ఈ ఉప్పు ఇప్పటి సముద్రానిదా, ఎప్పటి సముద్రమో వదిలిన బంకమట్టిలోంచి ఊరిందా, ఉప్పుమళ్ళ నుంచి దిగిందా? పిల్లలు వాదులాడుకున్నారు. అంత కేకలు వేసే క్లాసు నాకెప్పుడూ దొరకలేదు.

సిలబస్ ఎప్పుడు ముగుస్తుంది, ఎనిమిదిలో స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది కదా అని తోటి టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ శిలలు, నేలలు, వానలు, జలచక్రం అన్నీ పాఠ్యపుస్తకంలోనివే. కొత్త పాఠం చేర్చమనడం లేదు, ఉన్నదాన్ని బోరు దగ్గర నిలబడి చెప్పమంటున్నాను. వారానికి ఒక పీరియడ్, లవణాలు కొలిచే మీటరు, బావిలో నీటిమట్టం చూసేందుకు ముడులు వేసిన తాడు, ఒక నోటుపుస్తకం చాలు. ప్రతినెలా ఒకే రోజున కొలిచి రాయాలి. పిల్లలు పై తరగతికి వెళ్ళినా పుస్తకం బడిలోనే ఉండాలి. కార్తీక వానల తర్వాత అంకె దిగిందా, వేసవికి ఎక్కిందా అని తర్వాతి బ్యాచ్ చూసుకుంటుంది.

ఇంకో మాట. కాట్టుపల్లిలో 2010లో సముద్రపు నీటిని రోజుకు 10 కోట్ల లీటర్ల దాకా మంచినీళ్ళుగా మార్చే ప్లాంటు మొదలైంది. దానికి మింజూరు పేరే పెట్టారు. నీళ్ళు మాత్రం చెన్నై కోసం. మా పిల్లలు దాని ఫొటో జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో చూస్తారు. ఆ ఖరీదైన నీళ్ళు ఎందుకు కావలసివచ్చాయో చెప్పే ఆధారం వాళ్ళ పెరటి బోరులోనే ఉంది.

పప్పు సంగతి కూడా తేల్చాం. ఉప్పెక్కిన నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం గింజలోని కణాల గోడల్ని బిగించేస్తాయి, అందుకే పప్పు మెత్తబడదు. ఆ పిల్ల ఇంటికి పోయి అవ్వకు చెప్పింది. మర్నాడు జవాబు తెచ్చింది. "మిస్, ఉప్పునీళ్ళని అవ్వకు ముందే తెలుసంట. మళ్ళీ చప్పనీళ్ళు ఎప్పుడొస్తాయో అడిగిరమ్మంది."

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా బడిలో ముప్పై ఏళ్ళ నోటుపుస్తకం ఉండి ఉంటే, ఆమెను కూర్చోబెట్టి పేజీలు తిప్పేదాన్ని.