సాంబ మసూరికి పుట్టిన కమల



జూబ్లీహిల్స్ మేడలలోనైనను, ప్రక్కనే ఉన్న ఫిలింనగర్ బస్తీలలోనైనను, సన్నబియ్యము అనగానే సాంబ మసూరి గుర్తుకు వచ్చును. 1986లో బాపట్ల నుండి వచ్చిన బి.పి.టి. 5204 అదే. తినువారికి ఇష్టమే గాని, పండించువారికి ఇంచుమించు 150 రోజుల కాపలా.

ఆ వంగడమునుండే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థవారు 'కమల'ను తీశారు. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి దానిని ప్రకటించారు. 20 రోజులు ముందుగా కోతకు వచ్చునని, దిగుబడి 19 శాతము ఎక్కువని సంస్థవారి మాట. కాలువ చివరి పొలము గలవారికి ఆ 20 రోజుల నీరు ఎంతటిదో మేము చెప్పనక్కరలేదు.

"అయ్యగారూ, ఇది బి.టి. వంటిదేనా? తినవచ్చునా?" అని సంఘపెద్దలు అడుగుచున్నారు. బి.టి. ప్రత్తిలో నేలలోని సూక్ష్మజీవి జన్యువును తెచ్చి పెట్టారు. కమలలో బయటి జన్యువు లేదు. వరిలో ఉన్న జన్యువునే ఒకచోట కత్తిరించి, వెన్నుకు గింజలు ఎక్కువ పట్టునట్లు చేశారు. ఈ తేడానుబట్టియే 2022లో కేంద్రము ఇటువంటి పంటలను జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనలనుండి మినహాయించినది.

వివాదమంతయు అక్కడే. బి.టి. వంకాయకు 2009లో నిపుణుల సంఘము సరే అన్నను, 2010 జనవరి, ఫిబ్రవరి నెలలలో హైదరాబాదుతో సహా ఏడు నగరములలో జనము మాట విని, ఆ ఫిబ్రవరిలోనే మంత్రి జైరాం రమేష్ దానిని ఆపివేశారు. కమలకు అట్టి విచారణ అవసరమే లేకపోయినది. పరీక్షల లెక్కలు సరిగా లేవని విమర్శకులు అనుచున్నారు, సంస్థవారు కాదనుచున్నారు.

తినుటలో మాకు దోషమేమియు కనబడదు. అంటుమామిడి తినుటకు మన తాతలు సందేహించిరా? మా భయమంతయు విత్తనము మీదనే. బి.టి. ప్రత్తి 450 గ్రాముల పొట్లము 1,600 రూపాయలు దాటినప్పుడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006లో పోరాడి 750కి దింపించవలసివచ్చినది. సాంబ మసూరినైతే రైతు గాదెలో దాచుకొని మరుసటి యేడు నారు పోసుకొన్నాడు. జన్యువును కత్తిరించు పద్ధతిపై విదేశీ పేటెంట్లు ఉన్నవి. గనుక కమల మీ ఊరికి వచ్చిన రోజున, సంచి విప్పకమునుపే వ్యవసాయాధికారిని అడుగుడి: "ఈ గింజను దాచుకొని మరల విత్తవచ్చునా?" దిగుబడి సంగతి ఒక మడిలో వేసి చూచిన తెలియును.