మేపుల్ కాదు, కానగ మాను పెడదాం

అక్టోబర్ వస్తే చాలు, అమెరికాలో ఉన్న అన్నలు, అక్కలు ఎర్ర మేపుల్ చెట్టు కింద నిలబడి ఫోటోలు పంపిస్తారు. చూడగానే మన హిందూపురంలో ఇంటి ముందు కూడా ఒకటి ఉంటే బాగుండు అనిపిస్తుంది. నా మాట మాత్రం ఒకటే: వద్దు. నీడ కావాలంటే కానుగ పెట్టండి. మా వైపు కానగ అంటాం.

ఇందులో దేశభక్తి ఏమీ లేదు. రెడ్ మేపుల్ ఉత్తర అమెరికా తూర్పు వైపు చెట్టు. తడి ఉండే నేల, గట్టి చలికాలం దానికి అలవాటు. ఆకు ఎర్రబడాలన్నా పగటి పొద్దు తగ్గాలి, రాత్రులు బాగా చల్లబడాలి. మనకేమో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఎండ. రిక్వైర్‌మెంట్స్ చూడకుండా గేమ్ ఇన్‌స్టాల్ చేసినట్టే ఇది.

కానుగ ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చి, ఎండలు ముదిరేసరికి లేత పచ్చగా చిగురిస్తుంది. అంటే సరిగ్గా మనకు అవసరమైన టైమ్‌కి నీడ రెడీ. వేర్లు కుదురుకున్నాక తక్కువ నీళ్లతో బతుకుతుంది. దాని ఆకు పొలానికి ఎరువు కూడా. ఇదే జిల్లాలో కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ రికార్డు కెక్కింది. మర్రి ఇంటి ముందుకు పనికిరాదు గానీ, ఈ నేల మీద నీడ పెరగదు అనే మాట మాత్రం నేను ఒప్పుకోను.

నీడ మనకు షోకు కాదు. ధర్మవరంలో చాలామందికి ఇంట్లోనే మగ్గం. పడమటి గోడ కాలితే ఆ వేడంతా రోజంతా కూర్చుని పట్టుచీర నేసేవాళ్లదే. పెనుకొండ వైపు కొత్త లేఅవుట్లలో చూడండి, గేటు దాకా సిమెంటే.

తొందరగా పెరుగుతుందని కోనోకార్పస్ జోలికి మాత్రం పోవద్దు. ఎలర్జీలు వస్తాయనీ, వేర్లు పైపుల్లోకి పోతాయనీ గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటొద్దని ఆపేసింది.

"ఆకులు రాలితే ఎవరు ఊడుస్తారు?" అని మా అమ్మ అడుగుతుంది. కరెక్ట్ ప్రశ్నే. చెట్లు పెంచాలని స్టేటస్ పెట్టేది మనం, పొద్దున్నే చీపురు పట్టేది అమ్మలు. కాబట్టి నాటినవాళ్లే ఊడవాలి. ఊడ్చిన ఆకు పాదులోనే వేస్తే తడి తొందరగా ఆరదు.

మనకు సెప్టెంబర్‌లో వానలు ఎక్కువ. అప్పుడు ఇంటికి పడమర వైపు, గోడకు పదడుగుల దూరంలో, కరెంటు తీగలు లేనిచోట రెండడుగుల గుంత తీసి నాటండి. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోయాలి. అప్పుడు మనం హాస్టల్లో ఉంటాం. ఆ బిందె మోసేది ఎవరో నాటకముందే ఇంట్లో మాట్లాడుకోండి.