పేస్‌మేకర్ ఉన్న అమ్మకి గుండె ఎమ్మారై: ముందు ఆ కార్డు వెతకండి

"అమ్మకి పేస్‌మేకర్ ఉంది, ఇంక ఎమ్మారై జన్మలో కుదరదట" అనే మాట మన ఇళ్లల్లో తరచూ వింటాం. ఒకప్పుడు అది నిజమే. కానీ ఎమ్మారైలోకి వెళ్లగలిగేలా తయారుచేసిన మొదటి పేస్‌మేకర్‌కి అమెరికా ఎఫ్‌డీఏ 2011లోనే అనుమతి ఇచ్చింది.

మరి పాత రకం ఉంటే? అలాంటివాళ్లకి 1,500 సార్లు స్కాన్ తీసి చూసిన మాగ్నాసేఫ్ అధ్యయనం 2017లో వచ్చింది. అవి ఛాతీకి తీసినవి కావు, మిగతా భాగాలకి. స్కాన్‌లో ఎవరూ చనిపోలేదు, ఏ వైరూ చెడిపోలేదు. ఒక్కరికి మాత్రం షాక్ ఇచ్చే పరికరం, అంటే ఐసీడీ, వెంటనే మార్చాల్సి వచ్చింది. స్కాన్‌కి ముందు దాని సెట్టింగ్ సరిగ్గా మార్చకపోవడం వల్ల! అందుకే ధైర్యం ఎంత అవసరమో, జాగ్రత్త అంతే అవసరం.

స్ట్రెస్ ఎమ్మారైలో ట్రెడ్‌మిల్ ఉండదు. అడినోసిన్ లాంటి మందు నరంలోకి ఎక్కించి, గుండె కండరానికి రక్తం బాగా అందుతోందా అని చూస్తారు. కొన్ని నిమిషాలు ఛాతీ బిగిసినట్టు, ఆయాసంగా అనిపిస్తుంది, మందు ఆపగానే తగ్గుతుంది. ఈ సంగతి అమ్మకి ముందే చెప్పండి, లేకపోతే హడలిపోతుంది.

ఇంక మీరు చేయాల్సినవి:

• పరికరం కార్డు ఇండియాలో బీరువాలో ఉండిపోయిందా? తమ్ముడితోనో వదినతోనో ఫొటో తీయించి తెప్పించుకోండి. కంపెనీ, మోడల్, వైర్ల వివరాలు, పెట్టిన తేదీ కావాలి. పెట్టి ఆరు వారాలు కాలేదన్నా, పాత వైరు లోపలే వదిలేశారన్నా తప్పక చెప్పండి.

• ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పండి.

• కాఫీ, టీ, కోలా, చాక్లెట్ 12 నుంచి 24 గంటలు మానాలి. ఎన్ని గంటలో సెంటర్‌వాళ్లని అడగండి. కెఫీన్ ఆ మందు పనిచేయకుండా అడ్డుపడుతుంది. డీకాఫ్ కూడా వద్దు. రోజూ వేసుకునే మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

• మంగళసూత్రం, మెట్టెలు, గాజులు, పిన్నీసులు తీసేయాలి. వేలికి బిగిసిపోయిన మెట్టె ఉంటే ముందురోజే సబ్బు నీళ్లతో తీయండి.

• "ఊపిరి బిగపట్టండి" అని ఇంగ్లీషులో చెబుతారు. ఇంట్లో నాలుగుసార్లు ప్రాక్టీసు చేయించండి, తెలుగు దుబాసీ కావాలని అడగండి.

డాక్టరుని కూడా ఒక మాట అడగండి. పరికరం లోహం వల్ల బొమ్మ మీద నల్లటి నీడ పడుతుంది, ఎడమవైపు ఐసీడీ ఉంటే మరీను. దాన్ని తగ్గించే వైడ్‌బ్యాండ్ పద్ధతి మీ దగ్గర ఉందా అని. అసలు కుదరదంటే న్యూక్లియర్ స్కాన్, సీటీ లాంటివి ఉన్నాయి. కాబట్టి "కుదరదు" అన్నారని పరీక్షే మానేసి ఇంటికి రాకండి. ఆయాసాన్ని వయసు మీదకి నెట్టేయడం మన ఆడవాళ్లకి అలవాటు!

అన్నిటికంటే ముఖ్యమైనది చివర్లో ఉంది. స్కాన్ కోసం ఐసీడీలో షాక్ ఇచ్చే పనిని ఆపేస్తారు, పేస్‌మేకర్‌ని వేరే మోడ్‌లో పెడతారు. అయ్యాక మళ్లీ మామూలుగా మార్చి, చెక్ చేశారని మీ చెవులతో విన్నాకే అమ్మకి చెప్పులు తొడగండి.